చోడవరం ఎర్రనేల, మా రెండు మిషన్లు

భూమిలో పాతుకుపోయిన ఇనుముని వెతికే పనిలోకి కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కూర్చుని మంచినీళ్ళు తాగేక అందరూ అడిగేది ఒకటే. "సార్, ఏ డిటెక్టర్ మంచిది?" అంటారు. "ఏ నేల మీద?" అని నేను తిరిగి అడుగుతాను. కొందరు నవ్వుతారు. ముసలాయన చాదస్తం అనుకుంటారని నాకు తెలుసు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నా సర్వీసు మొత్తం రాయను. ఎక్కడికి బదిలీ అయ్యేను, ఎప్పుడు ఏ హోదా ఇచ్చేరు అన్నవి మా ఇంట్లో వాళ్ళకే విసుగు. ఈ పనిలో నాకు తెలిసినదాంట్లో ముప్పాతిక భాగం చోడవరం దగ్గర ఒక కొండ కింద నేర్చుకున్నాను. అది చెప్తే చాలు.

ఇసక మీద నేర్చిన చదువు

నా పేరు ఖాదరు. మాది అనకాపల్లి. మా నాన్న బజారులో గిన్నెలకి కళాయి వేసేవారు. తెల్లవాళ్ళ పాలన చివర, యుద్ధం రోజుల్లో పటాలంలో ఇంజనీర్ల దళానికి మనుషులు కావాలంటే చేరిపోయేను. నా చెవి బాగుందని అక్కడి మాస్టరు నన్ను మైన్ డిటెక్టర్ పనికి తీసుకున్నాడు.

ఆ మిషను చూడ్డానికి వింతగా ఉండేది. పొడుగాటి కర్ర, దాని చివర చెక్క పళ్ళెం. వీపుకి తగిలించుకున్న సంచిలో బ్యాటరీలు, రేడియోలో ఉండేలాంటి గాజు వాల్వులు. చెవులకి హెడ్‌ఫోన్లు. పళ్ళెంలో రెండు తీగ చుట్టలుంటాయి. ఒకటి మాట్లాడుతుంది, రెండోది వింటుంది. వినే చుట్టకి దాదాపు ఏమీ వినపడకుండా మర తిప్పి సరిపెడతాం. అప్పుడు చెవిలో దోమ తిరుగుతున్నట్టు సన్నటి మోత మాత్రం మిగుల్తుంది. పళ్ళెం కిందికి ఇనుము వచ్చిందంటే ఆ సరిపెట్టినది చెడుతుంది, మోత పెరుగుతుంది. మోత పెరిగిన చోట ఆగాలి, గుర్తు పెట్టాలి, మోకాళ్ళ మీద కూర్చుని సన్నటి కమ్మీతో పక్కనించి నెమ్మదిగా పొడిచి చూడాలి. పని అంతే.

మాకు ఈ చదువంతా ఏటి ఒడ్డున తెల్లటి ఇసకలో చెప్పేరు. ఇసక ఏమీ మాట్లాడదు. పాతిపెట్టిన సీల కూడా అందులో గంట కొట్టినట్టు వినిపిస్తుంది. అన్ని నేలలూ అలాగే ఊరుకుంటాయనుకుని పరీక్ష పాసయ్యేను. మట్టిలోనే ఇనుము ఉంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మాస్టర్లని తప్పుపట్టను. మమ్మల్ని పంపించే చోటు ఎలా ఉంటుందో వాళ్ళకీ తెలీదు.

కొండ కింద పొలం

యుద్ధం అయిపోయి కొన్నేళ్ళయింది. నేను పటాలం విడిచి విశాఖపట్నంలో రేడియోలు బాగుచేస్తున్నాను. కొత్త రాష్ట్రం వచ్చిన ఆ రోజుల్లో ఒక పెద్దమనిషి కొట్టు వెతుక్కుంటూ వచ్చేరు. పేరు కురియన్. మలయాళీ. పటాలంలో ఆఫీసరుగా చేసి రిటైరయ్యేరు. యుద్ధంలో ఫిరంగి సాధనకి వాడిన భూముల్ని శుభ్రం చేసే పని సర్కారు ఆయనకి అప్పజెప్పింది. డిటెక్టర్ పట్టుకోవడం తెలిసిన వాళ్ళు కావాలి. సింహాచలం అని శ్రీకాకుళం వైపు వాడొకడు అప్పటికే చేరేడు. నేనూ చేరేను.

చోడవరానికి దేవరాపల్లి వైపు కొంత దూరంలో ఒక మెట్ట, అంటే చిన్న కొండ, ఉంది. యుద్ధంలో కింద గెడ్డ వాగు పక్కన మోర్టార్లు నిలబెట్టి ఆ మెట్ట వైపు గురి చూసి కాల్చేవారట. పేలని గుండ్లు మట్టిలో దిగబడి ఉండిపోయేయి. యుద్ధం అయ్యేక భూముల్ని రైతులకి తిరిగి ఇచ్చేసేరు. తుప్పలు పెరిగిపోయిన ఆ నేలలోకి మొదట నాగలి దించినాయన అప్పలనాయుడు. నాలుగో చాలు తిప్పుతుంటే నాగలి మొన దేనికో తగిలింది. ఒక ఎద్దు అక్కడే పోయింది. అప్పలనాయుడి ఎడమ పాదం పోయింది. ఆ తరవాత మేకల్ని కూడా ఎవరూ అటు తోలలేదు.

మేం వెళ్ళేసరికి ఊళ్ళో చెరుకు గానుగలు ఆడుతున్నాయి. బెల్లం వండే పొగ కళ్ళాల మీదుగా మెట్ట దాకా వచ్చేది. అప్పలనాయుడి పెళ్ళాం గౌరమ్మ మమ్మల్ని చూడ్డానికి మొదటి రోజే వచ్చింది. ముప్ఫై దాటని మనిషి. మా మిషన్లని పైనించి కిందికి చూసి, ఎప్పటికి దున్నుకోవచ్చని అడిగింది. నాటడానికి చెరుకు ముచ్చెలు, అంటే విత్తనం ముక్కలు, అన్నదమ్ముల దగ్గర తీసి పెట్టుకుందట. అదును దాటితే ఏడాది పోతుంది. ఇంటాయన కర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తాడు, పొలం వైపు మొహం తిప్పి కూర్చోడు అని చెప్పింది. కురియన్ గారు తేదీ చెప్పలేదు. త్వరగా చేస్తామని మాత్రం అన్నారు.

మా దగ్గర రెండు రకాల మిషన్లున్నాయి. ఒకటి పాతది, పెద్ద పళ్ళెం, బరువు. పొద్దుటినించీ పట్టుకుంటే సాయంత్రానికి భుజం పడిపోయేది. రెండోది కొత్తది, చిన్న పళ్ళెం, తేలిక. తలపిన్ను కూడా వదిలేది కాదు. మేమిద్దరం చిన్నదాని కోసం పోటీ పడేవాళ్ళం.

గెడ్డ పక్కన నేల ఇసకపాటి. అక్కడ చిన్న మిషను అద్భుతంగా పనిచేసింది. మొదటి వారంలోనే గుండ్లు దొరికేయి. వాటి చుట్టూ ఇసక బస్తాలు పేర్చి, దూరం నించి పేల్చేసేవాళ్ళం. ప్రతి పేలుడుకీ ఊళ్ళో వాళ్ళు గట్ల మీదికి వచ్చి చూసేవారు. మాకు గర్వంగా ఉండేది. ఈ లెక్కన నెల తిరక్కుండా మెట్ట అంతా అయిపోతుందని సింహాచలం అందరికీ చెప్పుకొచ్చేడు.

మోగే నేల

ఇసక దాటి పైకి ఎక్కితే ఎర్ర గరప నేల మొదలవుతుంది. మట్టిలో గోళీ కాయలంత నల్లటి గులకరాళ్ళు. అప్పలనాయుడి పొలం అక్కడే.

మొదటి అడుగులోనే చెవులు హోరెత్తిపోయేయి. ఎక్కడ పళ్ళెం దించినా మోతే. గుర్తు పెట్టి తవ్వితే రాళ్ళు. ఇంకో చోట తవ్వితే ఉత్త మట్టి. మిషను పాడయిందేమోనని ఇసకలోకి తీసుకొచ్చి చూస్తే బుద్ధిగా ఊరుకునేది. మళ్ళీ పైకి తీసుకెళ్తే గోల. రెండు రోజులు అలా తవ్వేం. ఒక్క గుండూ దొరకలేదు, చెవులు మాత్రం రాత్రి పడుకున్నా మోగేవి.

రైతులు రోజూ వచ్చి అడుగుతున్నారు. కురియన్ గారు ఒక నిర్ణయం తీసుకున్నారు. మట్టి మోత వినపడనంత వరకు మర వెనక్కి తిప్పి, అప్పటికీ మోగినది మాత్రమే తవ్వమన్నారు. అప్పుడు మాకూ అది సబబుగానే అనిపించింది. గుండు పెద్ద ఇనుప ముక్క కదా, మట్టి కంటే గట్టిగానే మోగుతుంది అనుకున్నాం. మర తిప్పగానే చెవులకి ప్రాణం లేచొచ్చింది. పని చురుగ్గా సాగింది. పైన వెతికినంత మేరా ఒక్క గుండూ తగల్లేదు. సాయంత్రానికి అప్పలనాయుడి పొలం కింది పాయ చుట్టూ ప్రమాదం గుర్తుగా పాతిన ఎర్ర జెండాలు పీకేసి, రేపు దున్నుకోవచ్చని గౌరమ్మకి చెప్పేం.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక మాట. మిషను ఊరుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది. ఆ హాయిని నమ్మకండి. మర వెనక్కి తిప్పి మట్టి నోరు మూయించినప్పుడు, దాంతోపాటే గుండు నోరూ మూతపడుతుంది.

ఎడ్లకి ఎదురు

మర్నాడు పొద్దున్నే కురియన్ గారు టీ గ్లాసు పట్టుకుని గుడారం ముందు నిలబడ్డారు. ఆయనకి మాట తక్కువ, టీ ఎక్కువ. ఆ రోజు టీ తాగకుండా మెట్ట వైపే చూస్తున్నారు. నన్ను పిలిచి, కాల్చింది ఎటు వైపు అని అడిగేరు. పైకి అని చెప్పేను. గురి పైన పెట్టి కాలిస్తే కింద ఇసకలో ఇన్ని దొరికేయి, పైన ఒక్కటీ దొరక్కపోవడం ఏమిటని అడిగేరు.

ఆయన పని మొదలుపెట్టేరు. కింద దొరికిన వాటిలో పేల్చకుండా, మందు తీసేసి ఉంచిన ఖాళీ గుండ్లు కొన్ని ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకెళ్ళి ఎర్రనేలలో నాగలి అందే లోతున తనే పాతిపెట్టి, మీద మట్టి సర్దేరు. నిన్నటి సెట్టింగు మీదే సింహాచలాన్ని దాని మీదుగా నడవమన్నారు. వాడు నడిచేడు. ఏమీ మోగలేదన్నాడు. తరవాత నన్ను నడవమన్నారు. ఎక్కడ పాతేరో నాకు తెలుసు, కళ్ళతో చూసేను. పళ్ళెం సరిగ్గా దాని మీదే ఉంది. చెవిలో దోమ మోత తప్ప ఇంకేం లేదు.

ఆ క్షణం కురియన్ గారి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. గ్లాసు నేల మీద పెట్టి పొలం వైపు పరిగెత్తేరు. యాభై దాటిన మనిషి, కొంచెం లావు. మేం వెనకే పరిగెత్తేం.

పొలంలో గౌరమ్మ మరిది ఎడ్లకి కాడి కట్టి, నాగలి గట్టు దాటిస్తున్నాడు. గౌరమ్మ పసుపు నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. కురియన్ గారు వెళ్ళి ఎడ్లకి ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడ్డారు. ఎడ్లు బెదిరి పక్కకి లాగేయి.

గౌరమ్మకి కోపం వచ్చింది. రావలసిన కోపమే. "నిన్న దున్నుకోమన్నారు. ఇయాల ఆగమంతన్నారు. మీకు తెలిసి సెప్తన్నారా, తెలీక సెప్తన్నారా బాబూ?" అంది.

కురియన్ గారికి తెలుగు అంతంత మాత్రం. ఆయాసం తీరేదాకా ఆగి అన్నారు. "నిన్న తెలియక చెప్పాను అమ్మా. తప్పు నాది. ఇవాళ ఆపు. నేను తెలుసుకుని చెప్తాను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. తరవాత మరిదితో కాడి విప్పెయ్యమంది. చెంబులో నీళ్ళు గట్టు మీద పారబోసి ఇంటికి వెళ్ళిపోయింది. చెరుకు అదును పోయిందని ఆ నడకలోనే తెలిసింది.

నేను చాలామంది ఆఫీసర్ల దగ్గర పనిచేసేను. తెలివైనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. జెండా పీకేసిన మర్నాడు అదే జెండా తిరిగి పాతినవాళ్ళు అరుదు. ఆ పొద్దుట ఆయన తన పరువు గురించి ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకోలా చెప్పాల్సి వచ్చేది.

పరీక్ష మడి

ఆ తరవాత కొన్నాళ్ళు వెతకడం మానేసేం. గుడారం పక్కన ఎర్రనేలలోనే, ముందు చేత్తో తవ్వి జల్లించి, ఇనుము లేదని నిర్ధారణ చేసుకున్న ఒక మడి తయారుచేసేం. అందులో ఖాళీ గుండ్లని రకరకాల లోతుల్లో పాతేం. ఇసకలోనూ అలాంటిదే ఇంకో మడి. రెండు మిషన్లూ రెండు మళ్ళ మీదా నడిపించేం. రైతులకి మేం ఆడుకుంటున్నట్టు కనిపించి ఉంటుంది.

అక్కడ తేలిన సంగతులు సూటిగా చెప్తాను.

మేం మిషన్ని పళ్ళెం గాలిలో ఎత్తి పట్టుకుని సరిపెట్టేవాళ్ళం. ఇసకలో అది చెల్లింది. ఎర్రనేల మీద చెల్లదు. ఆ మట్టి దగ్గరికి రావడమే మిషనుకి ఇనుము దగ్గరికి రావడంతో సమానం. కాబట్టి పళ్ళెం అదే నేల మీద, పనిచేసే ఎత్తులోనే ఉంచి సరిపెట్టాలి. అప్పుడు మట్టి మోతని మిషను తనకి మామూలు విషయంగా తీసుకుంటుంది. అంతకి మించినదే చెవికి వస్తుంది.

ఇలా సరిపెట్టినా మోత ఎగుడుదిగుడుగా ఉండేది. కారణం మా చేతులే. పళ్ళెం వేలెడు కిందికి దిగితే మోత పెరుగుతుంది, వేలెడు లేస్తే తగ్గుతుంది. గుండు వల్ల పెరిగిందో చెయ్యి దిగడం వల్ల పెరిగిందో తెలీదు. దీని గురించి సింహాచలం, నేను వాదించుకుంటూనే ఒక ఉపాయం చేసేం. పళ్ళెం అంచుకి జానెడు దారం కట్టి కింద చిన్న ముడి వేసేం. ముడి నేలని తాకీ తాకనట్టు ఉండాలి. ముడి వంగినా, గాల్లో వేలాడినా ఎత్తు తప్పినట్టు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉన్నా, ఆ దారంతో మా చేతులు కుదిరేయి.

ఇక మిషన్ల సంగతి. మేం పోటీపడి పట్టుకున్న చిన్న మిషను ఎర్రనేలకి పనికిరాలేదు. దాని చూపు చురుకే కానీ పొట్టిది. పళ్ళెం నేలకి దగ్గరగా పెడితే ప్రతి గులకరాయికీ ఉలిక్కిపడుతుంది. జానెడు ఎత్తుకి లేపితే కింద గుండు దానికి అందదు. పెద్ద మిషన్ని జానెడు ఎత్తులో పట్టుకుంటే గులకరాళ్ళ గోల అంతా కలిసిపోయి ఒకే మందపాటి మోతలా ఉండేది. గుండు వచ్చినప్పుడు ఆ మోత నెమ్మదిగా ఉబ్బి, నెమ్మదిగా తగ్గేది. చిన్న ముక్కల్ని పెద్ద మిషను వదిలేస్తుంది. మాకు కావలసింది చిన్న ముక్కలు కాదు కదా.

భుజం నొప్పి తెప్పించేదాన్ని మేం పాత సామానని పక్కన పడేసేం. దాన్ని తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి, కింది పాయలో మళ్ళీ మొదటినించీ మొదలుపెట్టేం. ఒకరు వెతికేక రెండో మనిషి అడ్డంగా వెతికేవాడు. పొద్దుట పని మొదలెట్టే ముందు, మధ్యాహ్నం తిండి తిన్న తరవాత, పరీక్ష మడి మీద నడిచి పాతిన గుండు వినపడితేనే పొలంలోకి అడుగు. వినపడకపోతే ఆ పూట పని లేదు. కురియన్ గారి ఈ షరతుని తరవాత నా చేతి కింద పనిచేసిన ప్రతివాడి మీదా రుద్దేను. తిట్టుకున్నారు. తిట్టుకోనివ్వండి.

మూడో రోజు నా చెవిలో ఆ ఉబ్బు వినిపించింది. ఆగేను. దారం చూసుకున్నాను. ముడి సరిగ్గానే ఉంది. అడ్డంగా సింహాచలం వచ్చేడు. వాడూ అక్కడే ఆగేడు. కమ్మీతో పక్కనించి పొడుస్తూ, మట్టి కొంచెం కొంచెం తీస్తూ చూస్తే రెక్కల తోక కనిపించింది. నిండు గుండు. ఆ పొద్దుట ఎడ్లు దిగబోయిన గట్టుకి పది బారలు కూడా లేదు. లోతు సరిగ్గా నాగలి మొన అందేంత.

కురియన్ గారు గౌరమ్మని పిలిపించేరు. దూరం నించి గట్టు మీద నిలబెట్టి చూపించేరు. దాచుకోవడానికి ఏమీ లేదని ఆయన ఉద్దేశం. ఆమె చూసింది. తరవాత మరిది పేరు చెప్పి, ఆడికి ఇద్దరు పసిగుంటలున్నారు బాబూ అంది. అంతే. మర్నాటినించి మా గుడారానికి రోజూ ఒక ముంత మజ్జిగ వచ్చేది.

మిషను పక్కన పెట్టిన చోటు

అదే పొలం పై చెక్కలో కొంత మేర పెద్ద మిషను కూడా చేతులెత్తేసింది. దారం కట్టినా, అక్కడి నేల మీదే సరిపెట్టినా మోత ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ పొంతన లేకుండా మారిపోయేది. ఒక పక్క చేత్తో తవ్వి చూస్తే నల్లగా, బెజ్జాలు బెజ్జాలుగా, బరువుగా ఉండే ముద్దలు. ఎప్పుడో అక్కడ ఇనుము కరిగించే కొలిములు ఉండేవన్నమాట. కరిగించగా మిగిలిన చిట్టెం అంతా అక్కడే పోసేరు.

సింహాచలం ఇంకోరకం మిషను మద్రాసు నించి తెప్పిద్దామన్నాడు. కురియన్ గారు ఆలోచించి వద్దన్నారు. ఇక్కడ ఏ మిషను చెప్పినా తాను నమ్మనని, మోకాళ్ళ మీద కూర్చుని కమ్మీతో చేద్దామని అన్నారు. చేసేం. బెత్తెడు మేర, ఇంకో బెత్తెడు మేర, కమ్మీ ఏటవాలుగా గుచ్చుతూ, తగిలిన ప్రతిదాన్నీ చేత్తో తీస్తూ. మిషనుతో పూటలో అయ్యే చోటుకి వారాలు పట్టింది. ఎండ ముదిరింది. ఆయన కూడా మా పక్కన తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. మా మూడు వరసలు పక్కపక్కన ముందుకి జరిగేవి. గంపల కొద్దీ చిట్టెం, దాని మధ్య రెండు గుండ్లు తీసేం.

ఏ మిషనూ సరిపడని నేల ఉంటుందని ఒప్పుకోవడం ఈ పనిలో కష్టమైన పాఠం. కొత్త మిషన్లు వచ్చేయి, ఇంకా వస్తాయి. మట్టి మోతని వాటంతట అవే సరిపెట్టుకునేవి నా కళ్ళతోనే చూసేను, సంతోషించేను. అయినా కమ్మీ పట్టుకోవడం రానివాణ్ణి నేను ఈ పనిలోకి తీసుకోలేదు.

తొలకరి నాటికి అప్పలనాయుడి పొలం అంతా అయింది. జెండాలు పీకే ముందు కురియన్ గారు చెప్పులు విప్పేరు. నాగలికి ముందు తామే నడుస్తామన్నారు. మేం ముగ్గురం వరసగా నడిచేం, మా వెనక ఎడ్లు, నాగలి. చెరుకు అదును ఎలాగూ దాటిపోయింది కాబట్టి ఆ ఏడు చోళ్ళు, అంటే రాగులు, వేసేరు. ఎర్రనేల కాబట్టి బాగానే పండేయి.

నుయ్యి

మేం పక్క పొలాల్లో పనిలో ఉండగా కోతల తరవాత ఒక రోజు అప్పలనాయుడు వచ్చేడు. గుమ్మం దాటని మనిషని విన్నాం కదా, చంకలో కర్ర పెట్టుకుని గట్ల మీదుగా తనే నడిచొచ్చేడు. మా దగ్గర కూర్చుని చెమట తుడుచుకున్నాడు. చోళ్ళకి వాన చాలు, చెరుకుకి చాలదు, నుయ్యి కావాలి అన్నాడు. నుయ్యి తవ్వేవాళ్ళని అడిగితే ఆ పొలం పేరు వినగానే రాలేమన్నారట. మీరు చెప్తే వస్తారు, ఎంత లోతు దాకా బాగుందో చెప్పండి అన్నాడు.

కురియన్ గారు నా వైపు చూసేరు. జవాబు నన్నే చెప్పమన్నట్టు.

"మా మిషను మూర లోతు దాకా చూస్తాది బాబూ," అన్నాను. "దాని కింద ఏటుందో మాకు తెలీదు."

అప్పలనాయుడు తల దించుకున్నాడు. అంతలో కురియన్ గారే అన్నారు. "తవ్వమను. మూర తవ్వి పైకి రమ్మను. మేం దిగి చూస్తాం. బాగుంటే ఇంకో మూర."

నుయ్యి తవ్వేవాళ్ళు ఈ షరతు మీద వచ్చేరు. మూర తవ్వేక గునపాలు, పారలు, గంపలు అన్నీ పైకి లాగేసి, మనుషులూ ఎక్కేసేవారు. నేను తాడు పట్టుకుని మిషనుతో దిగేవాణ్ణి. అడుగంతా వెతికి, గోడల పక్కన కూడా చూసి, బాగుందని కేకేస్తే మళ్ళీ వాళ్ళు దిగేవారు. కొంత లోతు పోయేక గుండు అంత కిందికి దిగి ఉండదని మాకు తెలుసు. అయినా వాళ్ళు అడిగితే దిగేను. మాట ఇచ్చిన చోట మన లెక్కలు చెప్పి తప్పించుకోకూడదు.

దిగేకొద్దీ మట్టి రంగు మారింది. ఎర్రది పోయి పసుపు, పసుపు పోయి తెల్లటి మెత్తటి రాయి. రంగు మారిన ప్రతిసారీ అక్కడే మళ్ళీ సరిపెట్టుకునేవాణ్ణి. తెల్ల రాయిలో మిషను ఇసక మీద ఉన్నంత నెమ్మదిగా ఉండేది. ఆ చల్లదనంలో, తల మీద గుండ్రటి ఆకాశం చూస్తూ, చెవిలో ఆ సన్నటి మోత వింటూ ఉంటే పని అనిపించేది కాదు.

ఒక పొద్దుట దిగి సరిపెట్టుకున్నాను. అడుగులో ఒక పక్కనించి రెండో పక్కకి వెళ్తుంటే మోత మెల్లగా మారింది. గుండులా ఉబ్బలేదు. గులకరాళ్ళలా ఉలికిపడలేదు. ఆ పక్కంతా ఒకే తీరున కొంచెం పెరిగి అలాగే నిలబడింది. ఇటు వస్తే తగ్గింది. అటు వెళ్తే మళ్ళీ పెరిగింది. పళ్ళెం పక్కన పెట్టి అరచేయి నేల మీద ఆన్చేను. చూపుకి పొడిగానే ఉంది. వేళ్ళతో గీకితే లోపల చల్లగా, జిగురుగా తగిలింది. తడి చేరిన మట్టికి, పొడి మట్టికి మిషను వేరుగా పలుకుతుందని అప్పటిదాకా మాటగా విన్నాను. నా చెవితో వినడం అదే మొదటిసారి.

నేను ఎంతకీ కేకెయ్యకపోయేసరికి పైన కంగారుపడ్డారు. నూతి అంచు మీద తలలు కనిపించేయి. కురియన్ గారు, నుయ్యి తవ్వేవాళ్ళు, కర్ర మీద ఒరిగి అప్పలనాయుడు, అతని భుజం పట్టుకుని గౌరమ్మ.

"ఏటి ఖాదరు బాబూ," అని గౌరమ్మ కిందికి వంగి అడిగింది. "ఇనుమా?"

"కాదమ్మా," అన్నాను. "తడి."

ఆమె నమ్మినట్టు లేదు. నేను ఆ తడి మట్టి గుప్పెట్లో తీసి, పైనించి గంప దింపించుకుని అందులో పెట్టి తాడు లాగేను. గంప పైకి వెళ్ళింది. తరవాత అప్పలనాయుడి గొంతు వినిపించింది. నన్ను పైకి రమ్మంటున్నాడు. గునపం దింపాలి, జరగమంటున్నాడు.